నాయన దేవరకొండ దగ్గర, మనం డాలస్‌లో: ముదిరిన క్యాన్సర్‌లో దూరం నుంచి తోడుండడం ఎలా

మా నాయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తెలిసినప్పుడు నేను డాలస్‌లో ఆఫీసు పార్కింగ్‌లో కారు దిగుతున్నాను. తమ్ముడు స్కాన్ రిపోర్టు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. వంకరగా ఉంది, సగం మీద వాడి నీడే పడింది. నాకు అర్థమైంది ఒక్కటే, జబ్బు వెన్నుపూసలకు పాకిందని. ఆ తర్వాత పద్నాలుగు నెలలు ఆయన దేవరకొండ దగ్గర మా ఊళ్లో, నేను ఇక్కడ. మధ్యలో రెండుసార్లు వెళ్లాను.

మొదటి నెల రోజుకు ఆరుసార్లు ఫోన్ చేసేదాన్ని. మందు వేశారా, తిన్నాడా, డాక్టర్ ఏమన్నాడు, రిపోర్టు పంపు, ఇంకోసారి పంపు, సరిగ్గా కనపడట్లేదు. ఒకరోజు మరదలు నవ్వుతూనే అంది: "వదినా, మీ ఫోన్లు ఎత్తనీకే ఇంట్ల ఒక మనిషిని పెట్టాలె." ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి ఏ పని మొదలుపెట్టినా ముందు ఒకటి చూసుకునేదాన్ని: దీనివల్ల మంచం పక్కన ఉన్నవాళ్లకు పని తగ్గుతుందా, పెరుగుతుందా? కింద రాసిందంతా అలా నేర్చుకున్నదే. నేను డాక్టర్ని కాను. మందు ఎంత, ఎప్పుడు అనేది మీ డాక్టర్ చెప్పాల్సిందే.

మొదటి పని: ఎవరు ఏం చేస్తారో తేల్చుకోండి

డాక్టర్‌తో మాట్లాడేది ఒక్కరు. ఇంట్లో మందులు చూసేది ఒక్కరు. బంధువులకు కబురు చెప్పేది ఒక్కరు. ఈ మూడో పని దూరంగా ఉన్నవాళ్లు తీసుకోవాలి. మేనత్తలు, చిన్నాయనలు, నాయన దోస్తులు అందరూ రోజూ తమ్ముడికే ఫోన్ చేసి "ఎట్లుంది" అంటారు. ప్రేమతోనే అడుగుతారు, కానీ అదే సంగతి పదిసార్లు చెప్పేసరికి వాడి సాయంత్రం అయిపోతుంది. నేను కుటుంబం గ్రూపులో ప్రతి ఆదివారం రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టడం మొదలుపెట్టాను. చివర్లో "ఏదన్నా అడగాలంటే నన్ను అడగండి, తమ్ముణ్ని అడగకండి" అని చెప్పేదాన్ని. రెండు వారాల్లో వాడి ఫోన్ సగానికి సగం ఆగింది.

ఫోన్‌కు ఒక టైం పెట్టుకోండి. డాలస్‌లో ఉదయం 7 అంటే మన దగ్గర ఎండాకాలంలో సాయంత్రం 5:30, చలికాలంలో 6:30. దుబాయ్‌కి తేడా గంటన్నర, సౌదీకి రెండున్నర గంటలు, కాబట్టి గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ఇది తేలిక.

"ఎట్లున్నవ్ నాయనా" అని అడిగితే వచ్చే జవాబు మీకు తెలిసిందే: "మంచిగనే ఉన్న బిడ్డా." ఆ జవాబుతో పని జరగదు. రాత్రి ఎన్నిసార్లు లేచినవ్? పొద్దున బయటికి పోయినవా, ఎన్ని రోజులైంది? రొట్టె ఎంత తిన్నవ్, సగమా, తుంచి పెట్టినవా? ఇలా అడిగితే నిజం బయటపడుతుంది. వీడియోలో కళ్లు ఒక్కటే చూడకండి. మాట్లాడుతుంటే మధ్యలో ఊపిరి తెగుతోందా, కూర్చుని మాట్లాడుతున్నాడా పడుకునా, మెడ దగ్గర ఎముకలు పోయిన వారం కన్నా తేలాయా, ఇవి చూడండి.

రెండో పని: ఫైలు

దూరం నుంచి పూర్తిగా మీరే చేయగలిగిన పని ఇది. ఫోన్‌తో వంకర ఫొటోలు తీయొద్దని, ఫోన్‌లోనే ఉండే స్కానర్‌తో పీడీఎఫ్ చేయమని ఒక్కసారి నేర్పండి. మిగతాది మీ చేతిలో పని. ప్రతి కాగితానికీ తేదీతో పేరు పెట్టి ఒకే డ్రైవ్‌లో వేయండి.

తప్పకుండా ఉండాల్సినవి: బయాప్సీ రిపోర్టు, దానిమీద చేసిన ప్రత్యేక పరీక్షలు, ప్రతి డిశ్చార్జి సమ్మరీ, స్కాన్ ఫిల్ములే కాకుండా వాటి సీడీ. ఊపిరితిత్తుల క్యాన్సర్ అయితే ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే వంటి జన్యు పరీక్షలు చేశారా అని అడగండి. కొందరికి కీమో బదులు బిళ్లలతోనే వైద్యం నడుస్తుంది, అది ఆ పరీక్ష మీదే ఆధారపడుతుంది. (మా నాయనకు ఆ మార్పు లేదు. అడగడం మాత్రం మంచిదే అయింది, తర్వాత అనుమానం మిగలలేదు.) బయాప్సీ ముక్కను మైనంలో పెట్టి దాచిన బ్లాకు ల్యాబ్‌లో ఉంటుంది. రెండో అభిప్రాయం కావాలంటే అదే అవసరం పడుతుంది.

రెండో అభిప్రాయం ఒక్కసారి తీసుకోండి. ముంబైలోని టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి నిపుణుల అభిప్రాయం నవ్య అనే ఆన్‌లైన్ సేవ ద్వారా దొరుకుతుంది, దానికి రిపోర్టులు ఎక్కించే పని మీరు ఇక్కడ కూర్చునే చేయొచ్చు. అమెరికాలో మీ ఫ్రెండ్ వాళ్ల బావ ఆంకాలజిస్టు (క్యాన్సర్ డాక్టర్) అని రోజుకో లింకు తమ్ముడికి పంపకండి. వాడు దాన్ని తీసుకుపోయి హైదరాబాద్ డాక్టర్ ముందు పెట్టలేడు, పెట్టకుండా ఉండలేడు. నలిగిపోతాడు.

ఫైల్లో అన్నిటికన్నా పైన ఒక్క పేజీ ఉండాలి. పేరు, వయసు, జబ్బు ఏమిటి, ఎక్కడెక్కడ పాకింది, ఏ మందు ఏ టైంకు, ఏది పడదు, డాక్టర్ నంబర్. మందు మారినప్పుడల్లా మీరే కొత్తది టైపు చేసి పంపండి. దేవరకొండలో ఏ జిరాక్స్ షాపులోనైనా ప్రింట్ తీసి గోడకు అంటించొచ్చు. అర్ధరాత్రి 108 వచ్చినప్పుడు ఇంట్లో అందరూ కంగారులో ఉంటారు, అప్పుడు ఆ కాగితమే జవాబు చెప్తుంది.

మూడో పని: డాక్టర్‌ని సరైన ప్రశ్న అడగడం

పెద్ద ఆసుపత్రిలో ఓపీలో మీకు దొరికేది ఐదు నిమిషాలు. అమెరికా నుంచి ఫోన్‌లో దూరి పది ప్రశ్నలు అడిగితే డాక్టర్‌కు విసుగు, పక్కనున్న తమ్ముడికి తలవంపు. ముందురోజు తమ్ముడితో కూర్చుని మూడే ప్రశ్నలు తెలుగులో రాసి పెట్టండి. అందులో మొదటిది ఎప్పుడూ ఇదే: ఈ వైద్యం జబ్బు నయం కావడానికా, కొన్నాళ్లు నిలబెట్టడానికా, బాధ తగ్గించడానికా?

ముదిరిన క్యాన్సర్‌లో చాలామందికి రెండోదీ మూడోదీ నిజం. మనం అడగకపోతే కొందరు డాక్టర్లు చెప్పరు. మనకు కూడా వినాలని ఉండదు. కీమోకు ఊరి నుంచి హైదరాబాద్ తీసుకుపోవడం, రావడం, తర్వాత వారం రోజులు వాంతులు, నోట్లో పుండ్లు... ఆ కష్టానికి బదులుగా ఏం వస్తుందో తెలియకుండా ఒప్పుకోవద్దు. కాలం గురించి కూడా అడగొచ్చు. "ఎన్ని రోజులు ఉంటాడు" అని అడిగితే ఎవరూ చెప్పలేరు. "మేం రోజుల్లో ఆలోచించాలా, వారాల్లోనా, నెలల్లోనా" అని అడిగితే చెప్తారు. మీ టికెట్ ఈ జవాబు మీదే ఆధారపడుతుంది.

నాలుగో పని: ఆయనకు చెప్పాలా?

మా ఇంట్లో నాలుగు నెలలు చెప్పలేదు. "గడ్డ ఉంది, మందులు వేస్తున్నరు" అన్నాం. క్యాన్సర్ అనే మాట వింటే గుండె ఆగిపోతుందని మేనత్త భయం. నేను కూడా సరేనన్నాను, అది నా తప్పు. నాయనకు అప్పటికే తెలుసు. హైదరాబాద్‌లో ఆసుపత్రి బోర్డు మీద ఏం రాసి ఉందో చదవలేనంత అమాయకుడేం కాదు. మేం దాస్తున్నామని ఆయన, ఆయనకు తెలియదని మేం, అందరం నటించాం. ఒకరోజు ఫోన్‌లో ఆయనే అన్నాడు: "బిడ్డా, మోటరు దగ్గరి ఎకరం సంగతి తేల్చాలె. నాకు టైం లేదు."

చెప్పడమంటే అంతా ఒకేసారి మీద పడేయడం కాదు. "నాయనా, డాక్టర్ ఏమన్నడో నీకు తెలుసుకోవాలని ఉందా, లేకపోతే తమ్ముడే చూసుకోవాల్నా?" అని అడగండి. తెలుసుకోవాలంటే అడిగిన మేరకు చెప్పండి. వద్దంటే అది కూడా ఆయన నిర్ణయమే, అక్కడితో ఆపండి. ఈ మాట ఫోన్‌లో మొదలుపెట్టకండి. పక్కన మనిషి ఉన్నప్పుడు, వీలైతే మీరు వెళ్లినప్పుడు.

ఐదో పని: నొప్పి

నా లెక్కలో మిగతా పనులన్నీ దీని తర్వాతే. చివరి దశలో మనిషిని లొంగదీసేది చాలాసార్లు నొప్పే. తగ్గించే మందు ఉండి కూడా ఊళ్లో అది అందదు. దూరంగా ఉన్నవాళ్లు పట్టుబట్టి సాధించగలిగింది ఏదైనా ఉంటే అది ఇదే.

మా వైపు ఒక తిరకాసు ఉంది. మర్రిగూడ, మునుగోడు, దేవరకొండ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరానికి నడుము నొప్పి, కీళ్లు బిగుసుకుపోవడం మామూలే. అందుకని వెన్నుపూసకు క్యాన్సర్ పాకి వచ్చే నొప్పిని కూడా "ఫ్లోరైడ్ నొప్పి, ముప్పై ఏళ్ల సంది ఉన్నదే" అని కొట్టిపారేస్తారు. మా ఇంట్లో అదే జరిగింది. పాత నొప్పి పని చేస్తే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. రాత్రి పడుకున్నాక పెరిగే నొప్పి, రోజురోజుకీ ఎక్కువయ్యే నొప్పి వేరు, దాన్ని డాక్టర్‌కు విడిగా చెప్పండి. ఫ్లోరోసిస్ ఎముకలు స్కాన్‌లో కూడా గందరగోళం చేస్తాయి కాబట్టి ఏ ఊరి నీళ్లు తాగిన మనిషో డాక్టర్‌కు తెలియాలి.

నొప్పి కొలవడానికి ఆసుపత్రిలో సున్నా నుంచి పది వరకు చెప్పమంటారు. మా నాయనకు అది ఎక్కలేదు. పావలా నొప్పా, అర్ధ రూపాయా, ముప్పావలానా, రూపాయా అని అడిగితే వెంటనే చెప్పేవాడు. "ముప్పావల" అన్నరోజు తమ్ముడు డాక్టర్‌కు ఫోన్ చేయాలి, అలా ఒప్పందం.

నొప్పి బాగా ఎక్కువైతే వాడే మందు మార్ఫిన్. బిళ్ల రూపంలో ఉంటుంది. మామూలు బిళ్ల దాదాపు నాలుగు గంటలు పనిచేస్తుంది, అందుకే నొప్పి వచ్చాక కాకుండా గడియారం చూసి వేస్తారు. ఊళ్లో దీనిమీద రెండు భయాలు. ఒకటి, మత్తు మందు, అలవాటు పడతాడు అని. క్యాన్సర్ నొప్పికి డాక్టర్ చెప్పిన లెక్కలో వేసుకుంటే వ్యసనం సంగతి పెద్దగా ఉండదు. రెండోది, మార్ఫిన్ ఇచ్చారంటే ఇక అయిపోయినట్టే అని. నొప్పి తగ్గితే నిద్ర పడుతుంది, నాలుగు ముద్దలు దిగుతాయి. మా నాయన మార్ఫిన్ మొదలుపెట్టిన మూడో రోజు బయట వేపచెట్టు కింద కుర్చీలో కూర్చున్నాడు.

మార్ఫిన్‌తో మలబద్ధకం దాదాపు తప్పదు. వికారం, మగత కొన్ని రోజుల్లో సర్దుకుంటాయి, ఇది మాత్రం సర్దుకోదు. అందుకే మార్ఫిన్ రాసిన రోజే విరేచనం మందు కూడా రాయించుకోవాలి. మేం అది అడగలేదు. ఆరు రోజులు కడుపు కదలక ఆయన పడిన బాధ క్యాన్సర్ బాధకు తక్కువేం కాదు.

ఇంకో సంగతి, మన పాలమూరు, నల్లగొండ వాళ్లకే రాయాల్సింది. రోజూ కల్లు తాగే మనిషి అయితే డాక్టర్‌కు దాచకండి. చెట్టు కల్లు ఒక రకం, దుకాణంలో అమ్మే మందు కల్లు ఇంకో రకం. అందులో అల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి మత్తు మందులు కలిపిన కేసులు మా వైపు ఎన్నో బయటపడ్డాయి. దానిమీద మార్ఫిన్ పడితే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. హఠాత్తుగా మానేసినా ప్రమాదమే, చేతులు వణుకుతాయి, ఏవేవో కనపడతాయి, ఫిట్స్ వస్తాయి. ఆసుపత్రిలో చేరిన రెండో రోజు మనిషి పిచ్చిగా మాట్లాడుతుంటే అందరూ జబ్బు మెదడుకు పాకిందనుకుంటారు. కల్లు ఆగడం వల్ల కావచ్చని ఎవరో ఒకరు డాక్టర్‌కు చెప్పాలి.

కొందరికి ఫెంటానిల్ పట్టీ ఇస్తారు, ఒంటికి అంటిస్తే సాధారణంగా మూడు రోజులు పనిచేస్తుంది. వేడికి దానిలోంచి మందు ఎక్కువగా ఒంట్లోకి పోతుంది. మన నల్లగొండ ఎండల్లో రేకుల ఇంట్లో పడుకోబెట్టి పట్టీ వేయకూడదు, దానిమీద కాపడం అసలే పెట్టకూడదు.

మార్ఫిన్ వేసుకునే మనిషి లేపినా లేవకపోతే, ఊపిరి మరీ నెమ్మదిగా తీస్తుంటే, వెంటనే 108. మూత్రం బాగా తగ్గినా డాక్టర్‌కు చెప్పండి. కిడ్నీలు సరిగ్గా పనిచేయకపోతే మందు ఒంట్లో పేరుకుపోతుంది.

ఎక్కడ దొరుకుతుంది? మామూలు మెడికల్ షాపులో అడిగితే లేదంటారు. హైదరాబాద్‌లో రెడ్ హిల్స్‌లో ఉన్న ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఉంది, అంటే నొప్పి, బాధ తగ్గించే వైద్యం. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ పాలియేటివ్ కేర్ వార్డులు వచ్చాయి, ఆలన అని అడిగినా చెప్తారు. కొన్నిచోట్ల ఇంటికి వచ్చే బృందం కూడా ఉంటుంది. ఊరి ఆశా కార్యకర్తను కదిపితే దారి చూపిస్తుంది. ఇంట్లో చూసుకోలేని పరిస్థితి వస్తే హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పిస్ (చివరి దశ మనుషులను చూసుకునే చోటు) ఉచితంగా చూస్తుంది. ఈ నంబర్లు వెతకడం, ఫోన్ చేసి ఓపీ రోజులు కనుక్కోవడం, ఏ కాగితాలు కావాలో అడగడం మీ పని. కీమో నడుస్తుండగానే మొదలుపెట్టండి, చివరి వారం దాకా ఆగకండి. అమెరికా నుంచి నొప్పి మందులు సూట్‌కేసులో తీసుకుపోయే ఆలోచన అసలే వద్దు.

ఆరో పని: రేపటిదాకా ఆగకూడనివి గోడకు రాసి పెట్టండి

కీమో తర్వాత జ్వరం 100.4 దాటితే ఆ రాత్రే ఆసుపత్రి. కీమో అయిన ఒకటి రెండు వారాల్లో తెల్ల కణాలు బాగా పడిపోతాయి, అప్పుడు వచ్చే ఇన్ఫెక్షన్ గంటల్లో మనిషిని తీసుకుపోతుంది. ఊళ్లో ఆర్ఎంపీ ప్రేమగా వచ్చి తుంటికి ఇంజెక్షన్ వేస్తాడు, జ్వరం తగ్గినట్టే ఉంటుంది, తెల్లారేసరికి బీపీ పడిపోతుంది. ప్లేట్‌లెట్లు తక్కువ ఉన్న మనిషికి కండకు వేసే సూదితో లోపల రక్తం కారి గడ్డలా చేరొచ్చు కూడా. ఆర్ఎంపీని తిట్టకండి, అర్ధరాత్రి ఊళ్లో దొరికే మనిషి ఆయనే. కీమో సంగతి ముందే చెప్పి "అన్నా, సూది వేయకు, బండి మాట్లాడు" అని ఒప్పించి పెట్టండి. మా ఊళ్లో ఆయనే రెండుసార్లు కారు మాట్లాడి పెట్టాడు.

వెన్ను నొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గినా, తిమ్మిరి ఎక్కినా, మూత్రం ఆగిపోయినా అదే రోజు స్కాన్ చేయగల ఆసుపత్రికి పోవాలి. వెన్నుపాము నలుగుతూ ఉండొచ్చు. నడవగలిగే స్థితిలో వైద్యం మొదలైతే నడక మిగిలే అవకాశం ఎక్కువ, కాళ్లు పూర్తిగా పడిపోయాక తిరిగి రావడం కష్టం. రక్తం ఆగకుండా పడడం, హఠాత్తుగా ఆయాసం, మొహం, మెడ ఉబ్బడం, మాట తడబడడం కూడా ఈ జాబితాలోవే.

దేవరకొండ నుంచి హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. అర్ధరాత్రి ఏ ఆసుపత్రికి, ఎవరి బండిలో, ఎవరు తోడు, అడ్వాన్స్ కట్టే డబ్బు ఎవరి ఖాతాలో ఉంది, ఈ నాలుగూ ముందే తేలాలి.

ఏడో పని: ఇల్లు

మంచం, గాలి పరుపు, కమోడ్ కుర్చీ, ఆక్సిజన్ యంత్రం హైదరాబాద్‌లో అద్దెకు దొరుకుతాయి. వీటిని ఆన్‌లైన్‌లో వెతికి, డబ్బు కట్టి, ఇంటికి పంపించడం దూరం నుంచి హాయిగా చేయొచ్చు. ఆక్సిజన్ యంత్రం పెడితే కరెంటు పోయినప్పుడు ఏం చేయాలో కూడా చూడండి. చిన్న ఇన్వర్టర్ దాన్ని ఎక్కువసేపు మోయదు, పక్కన ఒక సిలిండర్ ఉండాలి. మంచం మీదే ఉండే మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే నడుము కింద పుండు పడుతుంది.

తిండి దగ్గర ఇంట్లో గొడవలు అవుతాయి. అమ్మ ఏడుస్తూ ముద్ద పెడుతుంది, ఆయన మొహం తిప్పుకుంటాడు. ఈ దశలో శరీరం తిండిని తీసుకోలేదు, తినకపోవడం వల్ల జబ్బు ముదరడం లేదు, జబ్బు ముదరడం వల్ల తినడం లేదు. ఇది అమ్మకు నేనే వీడియోలో మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. రెండు చెంచాల అంబలి, నోరు తడిపే తడిగుడ్డ, పెదవులకు వెన్న, అప్పట్లో అవి చాలు. "రెండు సెలైన్లు ఎక్కిస్తే లేచి కూర్చుంటడు" అనేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. చివరి రోజుల్లో సెలైన్ కాళ్లలో నీరుగా, గొంతులో గురగురగా మారే అవకాశమే ఎక్కువ. ఎక్కించాలో వద్దో పాలియేటివ్ డాక్టర్ని అడగండి.

రాత్రి మనిషిని పెట్టండి. డబ్బు పంపడానికి ఇంతకన్నా మంచి కారణం నాకు కనపడలేదు. వారానికి మూడు రాత్రులు ఒక అటెండెంట్ వస్తే మరదలు నిద్రపోయింది.

ఎనిమిదో పని: డబ్బు, ఫోను, కాగితాలు

నెలకు ఇంత అని ఒకే తేదీన పంపండి. అడిగినప్పుడల్లా పంపితే అడగడమే వాళ్లకు భారం. లెక్క అడగకండి, ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టమనండి చాలు.

ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఏడాదికి కుటుంబానికి 10 లక్షలు. రేషన్ కార్డు, ఆధార్ ఫైల్లో ఉంచి, ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర అడగాలి. వివరాలకు 104.

నాయన సిమ్‌కు రీఛార్జి ఆగకూడదు. బ్యాంకు, ఆధార్, పింఛను అన్నిటికీ ఓటీపీ దానికే వస్తుంది. ఫోన్ తాళం ఎవరికో ఒకరికి తెలియాలి. ఖాతాకు అమ్మ పేరు జాయింట్‌గా, ఐదర్ ఆర్ సర్వైవర్ (ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవాళ్లు ఖాతా నడిపేలా) అని చేర్చండి, నామినీ ఉందో లేదో చూడండి. ఆయన మీకో తమ్ముడికో ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ ఆయన ఉన్నంతవరకే పనికొస్తుంది, పోయిన మరుక్షణం చెల్లదు. మీరు విదేశం నుంచి తమ్ముడికి ఇస్తే ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించండి, లేదా అమెరికాలో అయితే నోటరీ తర్వాత అపోస్టిల్ (ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్ర). అది ఇండియా చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి. పట్టాదారు రైతు వయసు 59 లోపు అయితే రైతుబీమా నామినీ పేరు సరిచూడండి, అది 5 లక్షలు. భూమి సంగతి ఆయన నోటితోనే, అందరూ ఉన్నప్పుడే తేలితే మంచిది. మోటరు దగ్గరి ఎకరం అలాగే తేలింది.

వెంటిలేటర్ మీద పెట్టొద్దు అన్నది ఆయన కోరిక అయితే, దాన్ని ముందే రాసి పెట్టే హక్కు సుప్రీంకోర్టు 2018 మార్చి 9 తీర్పుతో ఉంది. 2023లో పద్ధతి తేలిక చేశారు. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలు.

తొమ్మిదో పని: ఎప్పుడు బయల్దేరాలి

అందరూ అడిగేది ఇదే. నా అభిప్రాయం ఏమిటంటే, ఒక్కసారే వెళ్లగలిగితే చివరి ఊపిరికి కాకుండా, ఆయన మాట్లాడగలిగినప్పుడు వెళ్లండి. నేను మొదటిసారి వెళ్లిన మూడు వారాల్లో ఆయనతో కూర్చుని పల్లీలు ఒలిచాను. రెండోసారి వెళ్లేసరికి ఆయన రోజంతా నిద్రలోనే ఉన్నాడు.

రోజులో ఎక్కువసేపు నిద్ర, మంచం దిగకపోవడం, మాత్ర మింగలేకపోవడం, మూత్రం తగ్గడం కనపడితే టికెట్ కొనండి. ఊపిరి మధ్యలో ఆగి ఆగి వస్తోందంటే చాలాసార్లు గంటలు, ఒకటి రెండు రోజులే. డాలస్ ఇంటి గుమ్మం నుంచి మా ఊరి గుమ్మం దాకా ఒక రోజు పైనే పడుతుంది. శంషాబాద్ విమానాశ్రయం మన వైపే ఉండడం ఒక్కటే కలిసొచ్చే సంగతి.

అమెరికాలో ఎఫ్ఎంఎల్ఏ చట్టం కింద తల్లిదండ్రుల తీవ్ర జబ్బుకు ఏడాదికి 12 వారాల జీతం లేని సెలవు ఉంటుంది. 50 మంది లేదా అంతకు మించి ఉన్న కంపెనీలో ఏడాది పనిచేసి, 1,250 గంటలు నిండి ఉండాలి. ముక్కలుగా కూడా వాడుకోవచ్చు. డాక్టర్ సర్టిఫికెట్ ముందే తెప్పించుకోండి. హెచ్1బీ స్టాంపింగ్ అయిపోయిందా, తిరిగి రావడానికి అపాయింట్‌మెంట్ దొరుకుతుందా అనేది జబ్బు తెలిసిన వారమే చూడాలి. సౌదీలో ఉన్నవాళ్లు ఎగ్జిట్ రీఎంట్రీ (వెళ్లి తిరిగి రావడానికి అనుమతి) గురించి పని ఇచ్చిన యజమానితో ఇప్పుడే మాట్లాడి ఉంచండి.

వెళ్లలేకపోవచ్చు కూడా. వీసా, చంటిపిల్ల, ఉద్యోగం. ఆ సంగతి కూడా ముందే ఇంట్లో మాట్లాడుకోండి: మీ కోసం ఫ్రీజర్ పెట్టెలో ఎంతసేపు ఉంచాలి? రెండు రోజులు ఆపడమంటే ఊరు, బంధువులు, అమ్మ అందరూ ఆగడం. మీరే "ఆపొద్దు, కానివ్వండి" అని ముందే చెప్పి ఉంచితే ఆ క్షణంలో తమ్ముడిమీద ఆ బరువు పడదు. స్పృహ లేనట్టు కనపడినా వినపడుతుండొచ్చు. ఫోన్ చెవి దగ్గర పెట్టమని మాట్లాడండి.

తమ్ముడూ మరదలూ అమ్మా లోపల్లోపల కుంగిపోతుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మా తమ్ముడు నవ్వి పక్కన పెట్టాడు, తర్వాత ఒక రాత్రి చేశాడట. నాకు ఏడాది తర్వాత చెప్పాడు.

చివరి పనులు

మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి, ఊళ్లో అయితే పంచాయతీ కార్యదర్శి దగ్గర. సర్టిఫికెట్ కాపీలు పదైనా తీసుకోమనండి. బ్యాంకు, పాసుపుస్తకం, పింఛను, గ్యాస్ కనెక్షన్ ప్రతిచోటా అడుగుతారు. వరుసగా ఎక్కడెక్కడికి పోవాలో జాబితా మీరు చేసి పంపండి, దినాలు అయ్యాక.

మిగిలిన మార్ఫిన్ బిళ్లలు ఇంట్లో ఉంచొద్దు, ఎవరికీ పంచొద్దు, ఇచ్చిన సెంటర్‌కే లెక్కతో తిరిగి ఇవ్వాలి. అద్దె మంచం, ఆక్సిజన్ యంత్రం వాపసు పంపాం. కమోడ్ కుర్చీ మాత్రం కొన్నదే. పక్క ఊళ్లో ఒకరికి అవసరం పడితే మరదలు ఆటోలో వేసి పంపింది. మందుల టైంల కాగితం ఇంకా గోడ మీదే ఉంది, తీయబుద్ధి కావట్లేదంటుంది అమ్మ.